ఎవరి డబ్బుతో సంఘం?



ఏప్రిల్ 14 దగ్గరపడితే గవర్నర్‌పేటలో మన కాలేజీ పిల్లలు రసీదు పుస్తకాలు పట్టుకుని బీసెంట్ రోడ్డు కొట్లన్నీ తిరుగుతారు. ఎండలో నిలబెట్టి పదో ఇరవయ్యో విసిరేసేవాళ్ళే ఎక్కువ. సాయంత్రానికి విసిగిపోయి ఎవరో ఒక నాయకుడి ఇంటికి పోతారు. ఆయన ఒక్క నోట్ల కట్టతో ఖర్చంతా తీర్చేస్తాడు. బదులు ఏమీ అడగడు. ఫ్లెక్సీ మీద అంబేడ్కర్ బొమ్మ కంటే తన బొమ్మ కాస్త పెద్దదిగా ఉంటే చాలు!

ఆ డబ్బు ఖరీదు తరవాత తెలుస్తుంది. మేము ఎరిగిన ఒక సంఘం అలాగే ఘనంగా జయంతి చేసింది. ఆర్నెల్లు తిరక్కుండా ఆ పెద్దమనిషి బంధువులే పక్క ఊళ్ళో మన కూలివాళ్ళ మీద చెయ్యి చేసుకున్నారు. సంఘం నుంచి కరపత్రం కూడా రాలేదు. పిల్లలు పిరికివాళ్ళు కారు. ఆయన ఉప్పు తిన్నారు, అంతే.

మరి డబ్బు ఎక్కణ్ణించి? దారి మన అమ్మలకు తెలుసు. డెల్టాలో మన పేటల చర్చిలు చూడండి. ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు బియ్యం విడిగా తీసి డబ్బాలో వేస్తారు, ఆదివారం తెచ్చి పోస్తారు. కోతల పండక్కి కోడిపెట్టో గుమ్మడికాయో తెచ్చి వేలం పెడతారు. పాడుకున్నవాడు ఒక్కోసారి ఆ కాయనే మళ్ళీ వేలానికి ఇచ్చేస్తాడు. కూలి చేసుకునేవాళ్ళు గుడి ఖర్చులు ఇట్లా ఈదుకొస్తున్నప్పుడు, పిల్లవాడి పరీక్ష ఫీజుకు మాత్రం ఎందుకు పుట్టదు? వారానికి రెండు గుప్పిళ్ళు సంఘానికని అడగండి. ఊరికే అడగొద్దు. ముందు పేటలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పండి, ఆ తరవాత అడగండి.

ఉద్యోగస్తులం మన సంగతీ చెప్పుకోవాల. 1978లో కాన్షీరాం గారు బామ్‌సెఫ్ పెట్టి మనల్ని అడిగింది సమాజం బాకీ తీర్చమనే. పెళ్ళిళ్ళకు లక్షలు పోస్తాం, పిల్లలు చందాకొస్తే ఇంట్లో లేమని చెప్పిస్తాం. ఏడాదికి ఒక్కరోజు జీతం ఇవ్వలేమా? 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయిన రోహిత్ వేముల ఆఖరి ఉత్తరంలో ఒక లెక్క ఉంది. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాలనీ, అందులోంచి ఒక మిత్రుడికి 40 వేల బాకీ తీర్చమనీ. మనం జీతాలు తీసుకుంటూండగానే సంఘం పిల్లవాడు అప్పు మీద బతికాడు.

ఇక జమాఖర్చు. సంఘాలు విరిగేది ఎక్కువగా ఇక్కడే. ఫోన్‌లో డబ్బు వేయించుకోవడం తేలికే, కాని ఒక కుర్రాడి సొంత నంబరుకు వేయించొద్దు. రెండు సంతకాల బ్యాంకు ఖాతా తెరవండి, అందులో ఒకటి ఆడపిల్ల సంతకం కావాలి. పది రూపాయలకైనా నంబరేసిన రసీదు ఇవ్వండి. ఖర్చు నెలనెలా హాస్టలు గోడకు అంటించండి, టీ ఖర్చుతో సహా. టీలు మరీ ఎక్కువైతే నలుగురూ నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఫ్లెక్సీలు తగ్గించండి. స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19 నుంచి బాబాసాహెబ్ 125 అడుగుల ఎత్తున నిలబడే ఉన్నారు. ఆ ఫ్లెక్సీ డబ్బుతో పాత పాఠ్యపుస్తకాలు కొని కింది క్లాసు పిల్లలకివ్వండి.

కాలేజీలు తెరిచేలోపు మీ సంఘం జమాఖర్చు మాకు పంపండి. చిన్నదైనా, లోటు చూపించేదైనా, అచ్చు వేస్తాం.