ఫర్మ్‌వేర్ అంటే అంత భయమెందుకండీ?

"ఓపెన్ సోర్సే కదా, ఎవరో ఒకరు చూసే ఉంటార్లే!" మన ఐటీ జనాల నోట తరచూ వినే మాట. ఆ ఎవరో ఒకరు ఎవరండీ బాబూ?

క్యూఎములో యూఈఎఫ్ఐతో వర్చువల్ మెషీన్ లేపితే, లినక్స్ కంటే ముందు నడిచేది ఓవీఎంఎఫ్ అనే ఫర్మ్‌వేర్. దాని మూలం టియానోకోర్ వాళ్ళ ఈడీకే2. అందులోని నెట్‌వర్క్ కోడ్‌లో 9 భద్రతా లోపాలు 2024 జనవరిలో పిక్సీఫెయిల్ పేరుతో బయటికొచ్చాయి. క్వార్క్స్‌ల్యాబ్ వాళ్ళు కూర్చుని చదివారు కాబట్టి దొరికాయి. ఊరికే కోడ్ పరిచి ఉంచితే దొరకలేదు.

"ఫర్మ్‌వేర్ జోలికెళ్తే మెషీన్ పాడైపోద్ది" అంటారు. మదర్‌బోర్డు మీదైతే ఒప్పుకుంటా. వర్చువల్ మెషీన్‌లో అది ఉత్త ఫైలు! పాడైతే పాత ఫైలు పెట్టుకోవడమే. గిట్ నుంచి కోడ్ దింపుకుని, సబ్‌మాడ్యూల్స్ మర్చిపోకుండా తెచ్చుకుని, బిల్డ్ కొట్టండి. నెట్‌వర్క్ బూట్ అక్కర్లేదా? ఒక్క ఫ్లాగ్‌తో ఆ నెట్‌వర్క్ స్టాక్ తీసి పారెయ్యొచ్చు. డీబగ్ బిల్డ్ చేస్తే ఏ డ్రైవర్ ఎప్పుడు లోడైందో లాగ్‌లో వరసగా కనిపిస్తుంది.

డిస్ట్రో ఇచ్చిన ప్యాకేజీ వాడటం తప్పనట్లేదు, నేనూ వాడతా. కానీ ఒక్కసారి కూడా మూత తీసి చూడకుండా "ఓపెన్ కాబట్టి సేఫ్" అని మాత్రం వాదించకండి. ఏమంటారు?