జారిన క్యాచ్

1999 ఫిబ్రవరి 7న ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో అనిల్ కుంబ్లే ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లూ పడగొట్టిన నాడు, భారత జట్టు నాయకుడు హైదరాబాదుకు చెందిన మహమ్మద్ అజహరుద్దీన్. పద్నాలుగు నెలలు తిరిగాయి. 2000 ఏప్రిల్ 7న అదే నగరంలో పోలీసులు దక్షిణాఫ్రికా నాయకుడు హాన్సీ క్రోన్యే పందెగాళ్లతో కుమ్మక్కయ్యాడని వెల్లడించారు. సొమ్ము పుచ్చుకున్నట్లు అతడు తరువాత అంగీకరించాడు.

ఆ డిసెంబరులో క్రికెట్ బోర్డు అజహరుద్దీన్‌పై జీవితకాల నిషేధం విధించింది. అది చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది.

తొలి మూడు టెస్టులలోనూ శతకాలు సాధించిన ఆ మణికట్టు సొగసు అబద్ధం కాదు. ఆటగాడి నిషేధాన్ని న్యాయస్థానం కొట్టివేయగలదు. అభిమానికి మాత్రం అప్పీలు లేదు. ఆనాటి ఏ ఆటను తలచుకున్నా, జారిన ప్రతి క్యాచ్ వద్దా మనసు క్షణకాలం ఆగి శంకిస్తూనే ఉంటుంది.