ఆకలికి పూర్వజన్మ దేనికి?

ఎపిజెనెటిక్స్ మన కర్మసిద్ధాంతాన్ని నిరూపించిందని కొందరు పండితమిత్రులు ఘంటాపథంగా చెబుతున్నారు. అయ్యా, ఆ పరిశోధన చెప్పినదేమో ఒక్కసారి చిత్తగించండి.

1944-45 శీతకాలాన జర్మన్ సైన్యం పశ్చిమ నెదర్లాండ్స్‌కు ఆహారరవాణాను అడ్డగించింది. మనిషికి దినపు రేషను వెయ్యి కేలరీల లోపునకు దిగజారింది. ఆ కరవులో తల్లి కడుపున పడినవారిని ఆరు దశాబ్దాల తరువాత లైడెన్, కొలంబియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు వారి తోబుట్టువులతో పోల్చి చూశారు. ఐజీఎఫ్2 అనే జన్యువుపై మిథైల్ గుర్తులు వీరిలో తగ్గి ఉన్నాయని 2008లో ప్రకటించారు. నెలలు నిండే వేళ కరవు సోకినవారిలో ఆ భేదం కనబడలేదు. హల్లు అదే, గుణింతపు గుర్తు మారితే పలుకు మారుతుంది. ఇదీ అటువంటిదే.

ఇందులో పూర్వజన్మ ఎక్కడ? ఆ శిశువులు చేసిన పాపమేమి? అది మనుషులు తెచ్చిపెట్టిన ఆకలి. దానికి కర్మమని పేరు పెడితే దోషి తప్పించుకుంటాడు, బాధితుడు దోషిగా మిగులుతాడు.

పైగా ఆ తొలినాళ్లు, తాను గర్భిణినని తల్లికి తెలియకముందే మొదలవుతాయి. కనుక అన్నం, పప్పు, గుడ్డు ఆడపిల్ల కంచంలోనే పడాలి. శాస్త్రం మనకు అప్పగించినది ఈ బాధ్యతను. దానిని విడిచి శ్లోకానికి జన్యువును సాక్ష్యం పిలవడం శాస్త్రానికీ అపచారమే, శ్లోకానికీ అపచారమే.