గురువు మాఱిన జట్టు

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు 2023లో 12 పోటీలాడి మూటిని మాత్రమే గెలిచెను. మఱుసటి ఋతువున కర్ట్ సిగ్నెట్టి ప్రధాన శిక్షకుడు కాగా 13 పోటీలలో 11 గెలిచెను. అంతకుమున్ను ఆ జట్టు ఏ యేటను 10 విజయముల నెఱుగదు. అయినను దీనిని ఒక్కని మహిమగా గీర్తించుట న్యాయము కాదు. ఆయన తన వెనుకటి కొలువగు జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయమునుండి పదిమందికి మించి ఆటగాండ్రను వెంట దెచ్చెను. ఒకచోట గాదె నిండినచో వేఱొకచోట వెలితి పడకుండునా? కాని వచ్చినవారిని, ఉన్నవారిని ఒక్కకట్టుగా నిలుపుట సామాన్యము గాదు. ఓటమి కలిగినపుడెల్ల విద్యార్థులను నిందించు కళాశాలాధికారులు ముందుగా తాము నియమించిన శిక్షకుని వంక జూడవలెను. గెలుపు కలిగినపుడు ఆటగాండ్రను గోల్పోయిన విద్యాలయమును మఱవరాదు. ఇదియే మా యభిప్రాయము.