ఆముఖ్తా లేని చదువు



సంక్రాంతి సెలవులు ముగిసింది మొదలు ఉక్కునగరం సెక్టార్లలోనూ, కూర్మన్నపాలెం, గాజువాక వీధులలోనూ ఇంటర్మీడియట్ విద్యార్థులున్న ఇళ్లన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. టీవీ మూగబోతుంది. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి ఒక గదిలో నిద్రిస్తుంటాడు. పక్క గదిలో బైపీసీ చదివే కుమార్తె పెదవులు మాత్రమే కదుపుతూ పుస్తకం తిరగేస్తుంటుంది. పేజీలలో సగం వాక్యాలకు రంగు పూసి ఉంటుంది. నాలుగవసారి చదువుతున్న పాఠమే ఆమె చేతిలో ఉంటుంది.

ఇటువంటి తల్లిదండ్రులు మా వద్దకు వచ్చి చెప్పే మాట ఒక్కటే: "మౌలానా సాబ్, అమ్మాయి పొద్దస్తమానం చదువుతూనే ఉంటుంది. పరీక్ష గదిలో మాత్రం ఏదీ గుర్తుకు రావడం లేదంటోంది. దుఆ చేయండి." దుఆ తప్పక చేస్తాము. కాని ఆ మాట వెనుక మరొక మాట దాగి ఉంటుంది. "దీనికి చదువు అబ్బదేమో, ఇక మానిపించి సంబంధాలు చూద్దాము" అన్న ఆలోచన అది. ఒక బిడ్డ భవిష్యత్తును మలుపు తిప్పే ఆ తీర్పు ఇవ్వడానికి ముందు, లోపం ఆమె బుద్ధిలో ఉందా లేక ఆమె పునశ్చరణ పద్ధతిలో ఉందా అన్నది పరిశీలించడం తల్లిదండ్రుల బాధ్యత.

నేను జీవశాస్త్ర బోధకుణ్ణి కాను. అయితే కంఠస్థం చేయడం, చేసినదానిని నిలుపుకోవడం అనే విద్యతో మదరసాలకు శతాబ్దాల అనుబంధం ఉంది. ఆ అనుభవం బైపీసీ విద్యార్థికి ఏ విధంగా అక్కరకు వస్తుందో ఈ నెల శీర్షికలో చర్చిద్దాము.

చూడడం వేరు, వినిపించడం వేరు

హిఫ్జ్ తరగతిలో ప్రతి విద్యార్థికి రోజూ మూడు పనులుంటాయి. మొదటిది సబఖ్, అంటే నేటి కొత్త పాఠం. రెండవది సబఖ్ పారా, అంటే ఇటీవలి రోజులలో నేర్చిన భాగం. మూడవది ఆముఖ్తా, అంటే వెనుకటి భాగాలను వంతులవారీగా తిరిగి అప్పగించడం. ఈ మూడింటిలోనూ గ్రంథం ఉస్తాద్ చేతిలో ఉంటుంది. విద్యార్థి చూడకుండా వినిపిస్తాడు. "పది సార్లు చూశాను" అని చెప్పే బాలుణ్ణి ఏ ఉస్తాదూ పాఠం వచ్చినవాడిగా పరిగణించడు. వినిపించినప్పుడే అది వచ్చినట్లు లెక్క.

మన కళాశాల విద్యార్థులు రివిజన్ అని పిలుచుకుంటున్నది చాలావరకు చూడడమే. పుస్తకం ఎదుట తెరిచి ఉన్నంతసేపు ప్రతి వాక్యమూ పరిచితంగానే తోస్తుంది. పరిచయాన్ని జ్ఞాపకమని భ్రమించడమే ఇక్కడి ప్రమాదం.

ఆధునిక పరిశోధన కూడా ఈ మాటనే బలపరుస్తోంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే అమెరికన్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండవసారి చూడకుండా జ్ఞాపకమున్నంత వ్రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే, రెండుసార్లు చదివినవారే ముందున్నారు: 81 శాతానికి 75 శాతం. వారం గడిచాక లెక్క తారుమారైంది. చూడకుండా వ్రాసినవారికి 56 శాతం గుర్తుంది, తిరిగి చదివినవారికి 42 శాతమే మిగిలింది. చదివిన రాత్రి "అంతా వచ్చేసింది" అన్న బిడ్డ, పరీక్ష నాడు "ఏదీ రావడం లేదు" అనడానికి కారణం ఇదే. ఆమె అబద్ధమాడలేదు, ఆమెకు తెలివీ తక్కువ కాలేదు.

2013లో జాన్ డన్లాస్కీ, ఆయన సహచరులు పది అధ్యయన పద్ధతులను తూచి చూశారు. తనను తాను పరీక్షించుకోవడం, ఎడం ఇస్తూ చదవడం అనే రెండింటికే ఉన్నత స్థానం దక్కింది. తిరిగి చదవడం, రంగు పూయడం అట్టడుగున నిలిచాయి.

జీవశాస్త్రానికి మూడు అంచెలు

మదరసాలోని ఆ మూడు అంచెలనే జీవశాస్త్రానికి అన్వయించండి. ఆనాటి పాఠం చదివిన వెంటనే పుస్తకం మూసి, గుర్తున్నదంతా ఒక కాగితంపై వ్రాయాలి. ఆపై పుస్తకం తెరిచి, విడిచిపెట్టినవాటిని ఎర్ర సిరాతో చేర్చాలి. ఇది సబఖ్. గడచిన వారం పాఠాల నుండి రోజూ కొన్ని ప్రశ్నలకు చూడకుండా జవాబు చెప్పాలి. ఇది సబఖ్ పారా. పాత అధ్యాయాలను వంతులవారీగా, ప్రతి ఒక్కటీ రెండు మూడు వారాలకొకసారి తప్పక వచ్చేటట్లు చూసుకోవాలి. ఇది ఆముఖ్తా. కొంత మరచిపోయిన తరువాత శ్రమించి గుర్తుచేసుకున్నదే గట్టిగా నాటుకుంటుంది. కాబట్టి ఆ శ్రమను చూసి నిరుత్సాహపడరాదు.

ఎర్ర సిరాతో చేర్చినవి ఎక్కువగా బొమ్మల భాగాలే అయి ఉంటాయి. నెఫ్రాన్ పటాన్నే తీసుకోండి. గ్లోమెరులస్, బౌమన్ గుళిక, సమీపస్థ సంవళిత నాళిక, హెన్లీ శిక్యం, దూరస్థ సంవళిత నాళిక, సంగ్రహణ నాళం: ఇవి ఆరు. ఖాళీ కాగితంపై గీసి ఈ ఆరింటినీ గుర్తించగలిగిన విద్యార్థిని, మూత్రం ఏర్పడే విధానాన్ని అదే వరుసలో వివరించగలదు. బొమ్మ వచ్చిందంటే వ్యాసానికి వెన్నెముక దొరికినట్లే.

ఒకదానినొకటి పోలినవి

దివ్య ఖుర్ఆన్‌లో ఒకదానినొకటి పోలిన వాక్యాలు పలుచోట్ల వస్తాయి. హాఫిజ్‌లు వాటిని ముతషాబిహాత్ అంటారు. అజాగ్రత్తగా ఉంటే నాలుక ఒక సూరా నుండి మరొక సూరాలోకి జారుతుంది. అందుకే అనుభవజ్ఞులు అటువంటివాటిని పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తారు.

జీవశాస్త్రం నిండా ఇటువంటి జంటలే. సమవిభజన, క్షయకరణ విభజన. సి3, సి4 మొక్కలు. అండకోశాధస్థిత, అండకోశోపరిక పుష్పాలు. విడివిడిగా చదివితే కలగాపులగం అవుతాయి. ఎదురెదురుగా పెట్టి చదవాలి. చివరి జంటకు వంటగదే ప్రయోగశాల. వంకాయ తొడిమె దగ్గరే దాని రక్షకపత్రాలు టోపీలాగా అంటుకొని ఉంటాయి. అంటే అండాశయం వాటికి పైన ఉంది, పుష్పం అండకోశాధస్థితం. జామకాయలో ఎండిన రక్షకపత్రాలు తొడిమెకు ఎదురు కొసన ఉంటాయి. అండాశయం వాటికి కిందనుంది, పుష్పం అండకోశోపరికం. ఈ రెండు కాయలనూ చేతిలో పట్టుకొని చూసిన బిడ్డ ఆ పదాలను మరి తారుమారు చేయదు.

కంఠస్థం ఒక్కటే చాలదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఖుర్ఆన్ కంఠస్థంలో అక్షరం కూడా మారరాదు. జీవశాస్త్రంలో వాక్యం మారవచ్చు, భావం మారరాదు. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. అందులో 90 ప్రశ్నలు, అంటే 720లో 360 మార్కులు జీవశాస్త్రానివే. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే, "ఎందుకు" అన్నది తెలియని జ్ఞాపకం నిలవదు.

13వ శతాబ్దపు వైద్యుడు ఇబ్న్ అల్-నఫీస్‌ను ఇక్కడ స్మరించుకోవాలి. గుండె కుడి జఠరిక నుండి ఎడమ జఠరికకు నడుమ గోడలోని రంధ్రాల ద్వారా రక్తం వెళుతుందని గ్రంథాలు చెబుతున్న కాలమది. ఆ గోడ దళసరిది, దానిలో రంధ్రాలు లేవు, కనుక రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమవైపుకు చేరాలని ఆయన నిర్ధారించారు. ఈ తర్కాన్ని గ్రహించిన విద్యార్థి పుపుస ప్రసరణ మార్గాన్ని మరచినా, ఆలోచించి తిరిగి గీయగలడు.

రంజాన్, రివిజన్

2025లో ఇంటర్ పరీక్షలు మార్చి 1న మొదలైతే, మరునాడే మన దేశంలో ఉపవాసాలు ప్రారంభమయ్యాయి. రంజాన్ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి మరికొన్నేళ్లు పునశ్చరణ కాలం, శుభమాసం కలిసే వస్తాయి. సహర్, ఫజ్ర్ తరువాతి ప్రశాంత సమయాన్ని చూడకుండా వ్రాసే కఠినమైన పనికి కేటాయించండి. అస్ర్ వేళ అలసటలో పటాలు సరిచూసుకోవడం, తప్పులు పరిశీలించడం వంటి తేలిక పని చాలు. తరావీహ్ తరువాత పుస్తకంతో జాగారం వద్దు. నేర్చినది మెదడులో స్థిరపడడంలో నిద్రకూ పాత్ర ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట

"మాకు సైన్సు రాదు, మేమేం చేయగలము?" అనకండి. పాఠం వినేవారికి ఆ విషయంలో పాండిత్యం అక్కరలేదు. అమ్మీ పుస్తకం పట్టుకొని, ఆరు పేర్లలో ఎన్ని వచ్చాయో లెక్కపెడితే చాలు. షిఫ్టు నుండి వచ్చిన అబ్బా పది నిమిషాలు కూర్చొని "గుండె ఎలా పనిచేస్తుందో నాకు చెప్పమ్మా" అని అడిగితే చాలు. ఆయనకు అర్థమయ్యేటట్లు చెప్పగలిగితే బిడ్డకు పాఠం వచ్చినట్లే. తడబడిన చోటే రేపటి పని.

కోచింగ్ ఫీజు కట్టలేని ఇంట్లో కూడా ఈ పని జరుగుతుంది. ఒక్క నెల ఈ విధంగా చేసి చూడండి. బిడ్డకు చదువు అబ్బుతుందో లేదో ఆ తరువాత మాట్లాడుకుందాము. మన పిల్లల శ్రమను అల్లాహ్ ఫలప్రదం చేయుగాక! ఆమీన్.