గంట కొట్టేముందు

తెలంగాణలో కరోనా వల్ల మూతపడిన బడులను 2021 సెప్టెంబరు 1న తెరవబోతున్నారు. ఉన్నత పాఠశాలల్లో ఇప్పుడు ఊడ్చడం, కడగడమే పని. నీళ్ల ట్యాంకు అడుగున పేరుకున్న పాచి గీకుతున్నారు. వరండా అంచున మొలిచిన గడ్డి పీకుతున్నారు. గదుల్లో మందు పిచికారీ చేస్తున్నారు. ఇదంతా కంటికి కనిపించే సన్నాహం.

అసలు పని తరగతి గదిలో ఉంది. 2020 మార్చిలో ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో కూర్చుంటుంది. ఎనిమిదో తరగతిలో ఆమె బెంచీ మీద కూర్చుంది నెల రోజులే. 2021 ఫిబ్రవరి 24న తెరిచిన తలుపులు మార్చి 24 నుంచి మళ్లీ మూతపడ్డాయి. మిగతా చదువంతా టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానళ్ల పాఠాలే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో పొలానికి వెళ్తే, అర్థంకాని పాఠం అడిగేదెవరిని? ఎనిమిదో తరగతి బీజగణితం రానివారికి తొమ్మిదిలో బహుపదులు ఎలా బుర్రకెక్కుతాయి?

అందుకే ఉపాధ్యాయులకు మా విన్నపం: వచ్చీరాగానే సిలబస్ వెంట పడకండి. కొన్నాళ్లు పాత పాఠాలే చెప్పండి. రిజిస్టరులో పేరుండీ బడికి రాని పిల్లల ఇళ్లకు వెళ్లండి. పత్తి చేలో కూలికి కుదిరినవాడినీ, పెళ్లి మాటలు నడుస్తున్న అమ్మాయినీ వెనక్కి తెస్తే, మార్కుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఈ సంచికలో ఉపాధ్యాయులు, మధ్యాహ్న భోజనం వండే అక్కలు, పదో తరగతి పిల్లలు తమ మాట తామే చెప్పారు. చదివి, మీ ఊరి బడి సంగతులూ రాయండి.

– సంపాదకుడు