తాతగారి కారును తోలుకొద్దామా, లారీ ఎక్కిద్దామా?

పాత ఇల్లు అమ్మేటప్పుడు పందిరిమంచం ఎవరికి, ఇత్తడి గంగాళం ఎవరికి, రుబ్బురోలు ఎవరికి అన్నవి ఒక పూటలో తేలిపోతాయండీ. తేలనిదల్లా షెడ్డులో ఉన్న పాత కారు. అమ్మడానికి మనసొప్పదు, అక్కడ వదిలేయడానికి వీల్లేదు. సరే, పట్నంలో ఉన్న కొడుకింటికి చేర్చుకుందామంటే ఇంకో తగువు మొదలవుతుంది. నడుపుకుంటూ తేవాలా? లారీ మీద ఎక్కించి తేవాలా?

ఇది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అనుకోకండి. ఆ బండి వెనక సీట్లో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది మనమే. నడిదారిలో అది మొరాయిస్తే అన్నం గిన్నెలతో, చంటిబిడ్డతో చెట్టు కింద నిలబడేదీ మనమే. లారీకి ఇచ్చే డబ్బు కూడా ఇంటి ఖర్చులోంచే తీయాలి. కాబట్టి ఈ నిర్ణయంలో మన మాట కూడా ఉండాలి. మాట ఉండాలంటే కాస్త విషయం తెలిసి ఉండాలి.

మా చెల్లెలికి వచ్చిన చిక్కు

మా చెల్లెలి మామగారు 1968లో అంబాసిడర్ కారు కొన్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. రాజమండ్రిలో ఇల్లు నిరుడు అమ్మేశారు. కారును హైదరాబాదు చేర్చాలి. విజయవాడ మీదుగా సుమారు 420 కిలోమీటర్లు.

మా మరిదిగారు లారీ అన్నారు. ఆయన తమ్ముడు ససేమిరా ఒప్పుకోలేదు. "నాన్న ఇదే బండిలో మనందర్నీ తిరుపతి తీసుకెళ్ళారు. పొద్దున్నే బయల్దేరితే దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఉంటాం" అన్నాడు. వీళ్ళిద్దరూ ఇలా ఉంటే, ఎనభై దాటిన అత్తగారు ఒకటే మాట పట్టుకున్నారు. "ఈ ఇంటి గృహప్రవేశానికి ఆయన పక్కన ఆ బండిలోనే వచ్చాను. వదిలి వెళ్ళేటప్పుడూ ఆ బండిలోనే వెళ్తాను."

ఏం చెప్తారు చెప్పండి? కాదంటే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. సరే అంటే ఆవిడ ప్రాణం మీదికి రావచ్చు. మా చెల్లెలు వాదనకి దిగకుండా ఒక మంచి పని చేసింది. పాత బండ్లు బాగుచేసే మెకానిక్కుని ఇంటికి పిలిపించి, అందరి ఎదుటా బండిని చూపించింది. ఇలాంటి చోట ముందు చేయవలసింది అదే. ఎవరి ఇష్టం ఎలా ఉన్నా, బండి స్థితి అందరూ ఒకేసారి వినాలి.

బండిని ఏమని అడగాలి?

మొదటి ప్రశ్న, ఈ ఏడాదిలో ఇది ఎంత దూరం తిరిగింది? నెలనెలా యాభై, వంద కిలోమీటర్లు తిరుగుతూ, సర్వీసింగు జరుగుతూ ఉన్న బండి వేరు. డ్రైవరు వారానికోసారి స్టార్టు చేసి, బుర్రుమనిపించి ఆపేసే బండి వేరు. ఇంజను మోగింది కదా అని బండి బాగున్నట్టు కాదు. గుడిదాకా వెళ్ళొస్తే కూడా తెలియదు. గంట, రెండు గంటలు ఆగకుండా తిరిగి, ఒళ్ళంతా వేడెక్కాకే లోపాలు బయటపడతాయి.

రెండోది రబ్బరు. వాడకుండా అటక మీద పెట్టిన కుక్కరు గాస్కెట్ చూడండి, తీసేసరికి ఎండిపోయి పగుళ్ళు తేలి ఉంటుంది. బండిలోనూ అంతే. టైర్లు, రేడియేటరు గొట్టాలు, ఫ్యాను బెల్టు, బ్రేకుల్లో ఉండే కప్పులు వాడకపోయినా వయసు మీదపడి పాడవుతాయి. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలు ఉంటాయి, మీరే చదవొచ్చు. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మా చెల్లెలి వాళ్ళ బండి టైర్లు పైకి కొత్తవాటిలా ఉన్నాయి, గాళ్ళు కూడా అరగలేదు. తీరా చూస్తే 2011వి!

మూడోది బ్రేకులు. ఆ రోజుల చాలా బండ్లలో నాలుగు చక్రాల బ్రేకులకీ నూనె ఒకే దారిన వెళ్తుంది. ఒకే గొట్టానికి నాలుగు కుళాయిలు ఉన్నాయనుకోండి, ఎక్కడ చిల్లు పడినా నాలుగూ ఎండిపోతాయి కదా! ఇదీ అలాగే. ఎక్కడ కారినా ఫుట్ బ్రేకు మొత్తం పోతుంది, చేతి బ్రేకు ఒక్కటే దిక్కు. వాళ్ళ బండికి వెనక చక్రం దగ్గర బ్రేకు నూనె కారుతోందని ఆ మెకానిక్కు చూపించేసరికి, తిరుపతి కథ చెప్పిన తమ్ముడు కూడా నోరు మెదపలేదు.

నాలుగోది వేడి. రేడియేటరు లోపల తుప్పు పేరుకుంటే నీళ్ళు సరిగా తిరగవు, ఇంజను కాగిపోతుంది. ఎండాకాలంలో గొట్టంలోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోవడమూ ఉంది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, చల్లారేదాకా కాచుకోవడం పాత డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యమే. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. 2025 నాటికి అది నూటికి 20 పాళ్ళయింది. పాతకాలపు రబ్బరు దానికి తట్టుకోదు. పెట్రోలు గొట్టాలు కొత్తవి వేయించారో లేదో అడగండి.

ఇక చివరిది, మనుషులు. ఆ బండ్లకి సీటు బెల్టులు ఉండవు, ఎయిర్ బ్యాగులు అసలే ఉండవు. డైనమోతో వెలిగే లైట్లు రాత్రిపూట హైవే మీద చాలవు. 1968లో ఆ రోడ్ల మీద పక్కనుంచి దూసుకుపోయే బండ్ల వేగం ఇంత లేదు. రోడ్డు మారింది, బండి మారలేదు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ అందులో దూరప్రయాణం చేయించకపోవడమే మేలు.

కాగితాలు

ప్రైవేటు కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్ళకి. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్ళకోసారి గడువు పెంచుకోవాలి. ఆర్సీ గడువు దాటి ఉంటే ఇక చర్చే లేదు, లారీ ఒక్కటే దారి. థర్డ్ పార్టీ బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా కూడా రోడ్డెక్కకూడదు.

2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను అయి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని సొంత బండిని ఈ కోవలో రాయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అన్న అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు రుసుము, పదేళ్ళ గడువు. కానీ ఇలా రాయించిన బండిని రోజువారీ ప్రయాణాలకి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం లాంటి వాటికే రోడ్డెక్కించాలి. అటువంటి బండిలో కాపురం తరలించడం కుదరదు.

ఇంకొకటి. ఆంధ్ర నుంచి తెలంగాణకి తెచ్చి 12 నెలలు దాటి ఉంచుకుంటే అక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించాలి. పాత ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఊళ్ళో ఇల్లు ఉండగానే ఆ పని చూసుకుంటే తర్వాత తిరగక్కర్లేదు.

లెక్క వేద్దాం

"నడుపుకొస్తే పెట్రోలు ఖర్చే కదా, లారీకి వేలు దండగ" అంటారు. కాగితం, పెన్సిలు తీసుకోండి. లీటరుకి 10 కిలోమీటర్లనుకుంటే 420 కిలోమీటర్లకి 42 లీటర్లు. దాని కింద నాలుగు టైర్లు, ట్యూబులు, బ్రేకుల పని, రేడియేటరు శుభ్రం, గొట్టాలు, బెల్టు, బ్యాటరీ రాయండి. దారిలో రాత్రి బస రాయండి. అన్నిటికీ అడుగున, మధ్యలో ఆగిపోతే ఎలాగూ పిలవాల్సిన లారీ ఖర్చు రాయండి. నడిరోడ్డు మీద బేరమాడే వీలుండదు, అడిగినంత ఇవ్వాల్సిందే.

రెండో వైపు లారీ కిరాయి, బీమా, మన రైలు టిక్కెట్లు. రెండు మొత్తాలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా ఇళ్ళల్లో వాదన అక్కడే ఆగిపోతుంది. ఎటూ ఆ మరమ్మతులన్నీ చేయించి బండిని వాడుకోబోతున్నారా, అప్పుడు మాత్రం లెక్క మారుతుంది.

లారీ ఎక్కించేటప్పుడు

నాలుగు వైపులా కట్టిన కంటైనరులో పంపితే ఎండా వానా దుమ్మూ తగలవు, ఖర్చు ఎక్కువ. పైన తెరిచి ఉండే ఫ్లాట్ బెడ్ మీదైతే తక్కువలో పోతుంది.

ఎక్కించే ముందు కారు చుట్టూ ఫోటోలు తీసుకోండి. సొట్టలు, గీతలు, కిలోమీటర్ల అంకె, స్టెప్నీ, జాకీ, అద్దాలు అన్నీ కాగితం మీద రాసి, లారీవాళ్ళ చేత సంతకం పెట్టించండి. లారీ రసీదు తప్పకుండా తీసుకోండి. పెట్రోలు కొద్దిగానే ఉంచండి, బ్యాటరీ తీగ విప్పించండి. కట్లు బంపరుకి వేయనివ్వకండి. చక్రాలకి పట్టీలు వేసి బిగించాలి, టైర్ల ముందూ వెనకా చెక్కలు అడ్డుపెట్టాలి. ఖాళీగా ఉంది కదా అని కారులో బియ్యం మూటలు, పచ్చడి జాడీలు కుక్కకండి.

బీమా సంగతి వేరే చూసుకోండి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే, దారిలో మన బండికి దెబ్బ తగిలితే పైసా రాదు. రవాణా బీమా విడిగా చేయించుకోండి. కారు విలువ ఎంత రాశారో మీ కళ్ళతో చదవండి.

నడపాలనే అనుకుంటే

నడిపే హక్కు బండిని ఎరిగినవాళ్ళది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన కారులో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళింది. భర్తకి చెప్పను కూడా లేదు! ఇంధనం మందుల షాపులో కొనింది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. ఎత్తు వచ్చినచోట పిల్లలు దిగి తోశారు. కారులో మొదటి దూరప్రయాణం ఒక ఇల్లాలిదే అని గర్వంగా చెప్పుకోవచ్చు. అయితే ఆవిడది మొండి ధైర్యం కాదు, బండిలో ప్రతి గొట్టం ఆవిడకి తెలుసు.

మన బండి బాగుండి, కాగితాలు సరిగ్గా ఉండి, నడిపేవారికి దాని గుణం తెలిసి ఉంటే చలికాలంలో బయల్దేరండి. ముందు 50, తర్వాత 100 కిలోమీటర్లు తిప్పి, రాత్రి బండి కింద అట్టలు పరిచి, పొద్దున్నే ఏం కారిందో చూడండి. పగలు మాత్రమే, 50, 60 వేగం దాటకుండా వెళ్ళండి. రాజమండ్రి నుంచి అయితే మొదటి రోజు విజయవాడ, రెండో రోజు సూర్యాపేట, మూడో రోజు హైదరాబాదు. ఇంటిల్లిపాదీ వెనక వేరే కారులో రావాలి. ఫ్యాను బెల్టు, గొట్టాలు, ప్లగ్గులు, ట్యూబు, పది లీటర్ల నీళ్ళు, మంటలార్పే సిలిండరు వెంట ఉండాలి. ఆవిరి పోకుండా కుక్కరు మూత ఎలా తీయమో, కాగిన రేడియేటరు మూత కూడా అలా తీయకూడదు. జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరుకి ఫోను చేయొచ్చు.

ఇంతకీ చెల్లెలి అత్తగారి సంగతి చెప్పలేదు కదూ. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు, "లారీలో దానికి తోడు ఎవరుంటారు?" అని అడిగారట. చిన్నకొడుకు తన కారులో లారీ వెనకాలే వెళ్తానని మాటిచ్చాడు. ఆర్సీ, బీమా గడువు ఉన్నాయి కాబట్టి, మెకానిక్కు చేత బ్రేకులు బాగుచేయించి, లారీ వచ్చే ముందురోజు తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉండగా ఆవిడని ముందు సీట్లో కూర్చోబెట్టి, నెమ్మదిగా పుష్కరాల రేవుదాకా తీసుకెళ్ళి తెచ్చారు. తిరిగొచ్చి ఆవిడే కారుకి బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టించి సాగనంపారు. మర్నాడు ఆవిడ రైల్లో వెళ్ళారు.

పెద్దవాళ్ళు కారు అడిగినప్పుడు చాలాసార్లు 420 కిలోమీటర్లు అడగరండీ, దాంతో ఉన్న బంధం అడుగుతారు. అది రెండు కిలోమీటర్లలోనూ ఇవ్వొచ్చు. మీ ఇంట్లో ఈ చర్చ వస్తే "బండి వెళ్ళగలదా?" అని అడగకండి. "దారిలో ఆగిపోతే, అందులో ఎవరుంటారు?" అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఇంట్లో ఎవరైనా తడబడితే, ఆలోచించకుండా లారీకి కబురు పెట్టండి.